గోడ కొట్టకముందే ఇంటీరియర్ డిజైనర్: కూకట్‌పల్లిలో మా అనుభవం
కూకట్‌పల్లిలోని మా పాత ఫ్లాట్‌ను మార్పించే ముందు, కేవలం డ్రాయింగులకు రుసుము తీసుకునే ఒక ఇంటీరియర్ డిజైనర్‌ను కుదుర్చుకున్నాము. ఆవిడ రంగుల ప్రస్తావన తేకుండా, కాలమ్‌లు, బీములు ఎక్కడున్నాయో, స్నానాలగది నీరు ఏ వైపు వాలుతోందో కొలిచి చూసి, వంటగదిని హాలులో కలపాలన్న మా కోరికలో సగాన్ని నిర్మొహమాటంగా తోసిపుచ్చారు. సింకు కింది అరలకు తడిని బాగా తట్టుకునే ఐఎస్ 710 (ఐఎస్ అంటే భారతీయ ప్రమాణం) మెరైన్ ప్లైవుడ్ కావాలని, పడకగది బీరువాలకు సాధారణ వాడకానికి ఉద్దేశించిన ఐఎస్ 303 రకం చాలునని కాగితం మీద రాసి ఇవ్వడంతో, వడ్రంగుల కొటేషన్లన్నిటినీ ఒకే కొలమానంతో పోల్చగలిగాము. నా దృష్టిలో రుసుముకు అసలైన ప్రతిఫలం ఇదే. స్విచ్‌బోర్డుల డ్రాయింగు మాత్రం ఆలస్యంగా అందింది. పని సాగేటప్పుడు వచ్చి పర్యవేక్షించడం ఈ రుసుములో ఉండదు కనుక, ఆ సంగతిని, డ్రాయింగులకు ఉచిత సవరణలు ఎన్ని ఉంటాయన్నదాన్ని ఒప్పందంలో ముందే రాయించుకోవాలి.