మేరీలాండా, రైన్‌బెకా, చళ్ళకెరె కంబళ్ళా: ఊలు పిచ్చి ఉన్న తిరుపతి వాళ్ళకు ఏది మేలు?

తిరుపతి ఎండల్లో ఊలుతో పనేముంది అని నవ్వేవాళ్ళు ధనుర్మాసంలో తెల్లవారుజామున కొండ మీద క్యూలో నిలబడి చూడాలి. అయినా ఇక్కడ స్వెట్టర్లు అల్లే ఆడవాళ్ళలో ఎక్కువమంది తమ కోసం అల్లుకోరు. షికాగోలోనో న్యూజెర్సీలోనో పుట్టబోయే మనవడి కోసం అల్లుతారు. ఆ మనవడి పుణ్యమా అని ఆరు నెలలు అమెరికాలో ఉండే అవకాశం వస్తే నయాగరా, మాల్స్ ఎవరైనా చూపిస్తారు. గొర్రెలు, ఊలు, అల్లికవాళ్ళు ఒక్కచోట చేరే ఉన్ని పండుగకు తీసుకెళ్ళమని మాత్రం మనమే నోరు తెరిచి అడగాలి.

పేరున్న ఉన్ని పండుగలు అక్కడ చాలా ఉన్నా, అల్లికవాళ్ళ నోట ఎక్కువగా వినబడేవి రెండు. ఒకటి మేరీలాండ్‌లో మే నెల మొదటి శని, ఆదివారాల్లో జరిగేది. రెండోది న్యూయార్క్ రాష్ట్రంలో రైన్‌బెక్ అనే ఊళ్ళో అక్టోబరు మూడో వారాంతంలో జరిగేది. అమెరికాలో ఎవరూ లేనివాళ్ళ కోసం మూడోది నేను చేరుస్తున్నాను: కర్ణాటకలో, చిత్రదుర్గ జిల్లా చళ్ళకెరె కంబళ్ళు.

ముందు మన గొర్రెల సంగతి చెప్పాలి. చంద్రగిరి, పాకాల దారుల్లో మందలు ఎదురైతే బండి ఆపుకోవడం మనకు అలవాటే. కానీ ఈ ప్రాంతంలో ఎక్కువగా కనిపించే నెల్లూరు జాతి గొర్రెను మాంసం కోసం పెంచుతారు. పల్ల, జోడిపి, దొర అని అందులో మూడు రకాలున్నా, దేని ఒంటి మీద చూసినా పొట్టి వెంట్రుకలే గానీ అల్లడానికి పనికొచ్చే ఉన్ని ఉండదు. అంటే ఏళ్ళ తరబడి గొర్రెలను, ఊలు ఉండలను చూస్తూనే ఉన్నా, మొదటిది రెండోదిగా ఎలా మారుతుందో మనలో చాలామంది కళ్ళతో చూడలేదు. నా లెక్కలో మేరీలాండ్ ముందుకొచ్చేది ఇక్కడే.

1973లో మొదలైన ఆ పండుగకు గొర్రే అసలు కథానాయిక. హోవర్డ్ కౌంటీలోని వెస్ట్ ఫ్రెండ్‌షిప్ అనే చోట, ఆ కౌంటీ సంత మైదానంలో జరుగుతుంది. కొట్టాల్లో జాతి జాతినీ పక్కపక్కనే చూడొచ్చు. నాలుగు కొమ్ములుండే జేకబ్, చిన్నసైజు షెట్లాండ్, పొడుగు ఉన్ని రామ్నీ. మెరీనో అనే జాతి గొర్రె మెత్తని ఉన్ని వేళ్ళ మధ్య పెట్టుకుని, వెంటనే రామ్నీ ఉన్ని పట్టుకుంటే, ఒంటికి తగిలే బట్టకు ఏది, పైన వేసుకునే కోటుకు ఏది అన్నది ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. అప్పుడే కత్తిరించిన ఉన్ని ముట్టుకుంటే చేతికి జిడ్డు అంటుతుంది. అది లానోలిన్. క్రీముల్లో వాడేది అదే. ఆ జిడ్డూ మట్టీ కడిగేశాక మెరీనో లాంటి సన్న ఉన్ని బరువు సగం దాకా తగ్గిపోతుంది.

అక్కడ తప్పకుండా కూర్చుని చూడాల్సింది ఒక పోటీ ఉంది. ఒకరు గొర్రె ఒంటి మీద ఉన్ని తీస్తారు, కొందరు రాట్నాల మీద దాన్ని వడుకుతారు, ఒకరు మగ్గం మీద నేస్తారు. కొన్ని గంటల్లో జట్టంతా కలిసి శాలువా పూర్తి చేయాలి. అల్లిక రానివాళ్ళకు కూడా, మనల్ని తీసుకెళ్ళిన అల్లుడికి కూడా, ఇది బోరు కొట్టదు. గొర్రెకు నొప్పి కాదా అని అడిగేవాళ్ళు మన వైపు ఉంటారు. పనితనం ఉన్నవాడి చేతిలో అది క్షవరమే. వేసవికి ముందు తీయకపోతేనే దానికి ఇబ్బంది.

రైన్‌బెక్‌లో కూడా గొర్రెలుంటాయి, ఉన్ని కోసం పెంచే, ఒంటె కుటుంబానికి చెందిన అల్పాకాలుంటాయి, కుక్కలతో మంద తోలించే ప్రదర్శనలుంటాయి. అయినా అక్కడికి జనం వచ్చేది ఊలు దారం కోసం, ఒకరినొకరు చూసుకోవడం కోసం. ‘రైన్‌బెక్ స్వెట్టర్’ అని ఒక ఆచారమే ఉంది. పండుగకు వేసుకోవడానికి నెలల ముందు నుంచే కొత్త స్వెట్టర్ అల్లడం మొదలుపెట్టి, కొందరు ముందు రోజు రాత్రి దాకా స్వెట్టర్ చేతులు కుట్టుకుంటూ కూర్చుంటారు. మన ఊళ్ళో చేత్తో అల్లిన స్వెట్టర్ వేసుకుని బయటికెళ్తే “ఎంతకు కొన్నావు?” అంటారు. అక్కడ ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఆపి “ఏ ప్యాటర్న్?” అంటారు. ఏళ్ళ తరబడి ఒంటరిగా అల్లుకున్న మనిషికి ఆ ఒక్క ప్రశ్న ఎంత విలువైనదో వేరే చెప్పక్కరలేదు. పైగా హడ్సన్ లోయలో ఆకులు ఎర్రబడే కాలం. న్యూయార్క్ నగరానికి ఉత్తరాన దాదాపు 160 కిలోమీటర్లు. కారు లేకపోయినా రైన్‌క్లిఫ్ స్టేషన్ దాకా రైల్లో వెళ్ళొచ్చు.

అయితే జనం జనమే. ఊలుకు రంగులద్దే పేరున్నవాళ్ళ దుకాణం ముందు వరుస చూస్తే సర్వదర్శనం గుర్తొస్తుంది. ఉదయం పూట మనవాళ్ళకు పళ్ళు కొట్టుకునే చలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఇంకోసారి ఆలోచించుకోవాలి. ఇక అల్లిక ఇప్పుడే మొదలుపెట్టినవాళ్ళకు రైన్‌బెక్‌లో రంగులు తప్ప మరేమీ బుర్రకెక్కవు. డబ్బు ఖర్చవుతుంది గానీ నేర్చుకునేది తక్కువ. అందుకే నా మాట: కొత్తవాళ్ళకు మేరీలాండ్, చేయి తిరిగినవాళ్ళకు రైన్‌బెక్.

క్యాలెండర్ సంగతీ చూడాలి. మేలో వెళ్తే తిరుపతి ఎండ తప్పుతుంది, అదే సగం లాభం. కానీ గంగమ్మ జాతర సాధారణంగా వచ్చేదీ ఆ నెలలోనే. అక్టోబరు ప్రయాణానికి సెప్టెంబరులోనే బయల్దేరితే బ్రహ్మోత్సవాలు, దసరా పోతాయి, కొన్నేళ్ళు దీపావళి కూడా. ఏది వదులుకోగలరో ఇంట్లో మాట్లాడుకోండి. అక్కడ మేరీలాండ్ లాన్‌హామ్‌లోని శివవిష్ణు ఆలయంలో, న్యూజెర్సీ బ్రిడ్జ్‌వాటర్‌లో వెంకన్న ఉన్నాడు కాబట్టి దర్శనానికి లోటు లేదు. తిండికి మాత్రం లోటే. ఉన్ని పండుగల్లో గొర్రె మాంసం వంటకాలకు కొదవ ఉండదు. శాకాహారులు పులిహోర కట్టుకుని పోవడం మంచిది.

రెండు చోట్లా క్లాసులు పెడతారు. నెలల ముందే పేరు నమోదు చేసుకోవాలి, అప్పటికప్పుడు వెళ్తే దొరకవు. ఒకే ఒక్క క్లాసు తీసుకోగలిగితే అల్లిక వద్దు, అది యూట్యూబ్‌లో వచ్చేస్తుంది. కదురుతో ఉన్ని వడకడం తీసుకోండి. చిన్నప్పుడు బళ్ళో తకిలీ తిప్పినవాళ్ళకు ఇది సులువుగా పట్టుబడుతుంది. పత్తి పోగు రెండు మూడు సెంటీమీటర్లే ఉంటుంది, ఉన్ని పోగు దానికి కొన్ని రెట్లు పొడుగు. దారం అంత తొందరగా తెగదు.

ఇక చళ్ళకెరె. చిత్తూరు నుంచి బెంగళూరు మీదుగా వెళ్ళాలి, బెంగళూరు దాటాక ఇంకో 200 కిలోమీటర్లు. అక్కడ టికెట్లు, స్టాళ్ళు, తినుబండారాలు ఏవీ ఉండవు, దాన్ని పండుగ అనడానికి లేదు. గొర్రెలు కాసే కురుబల ఇళ్ళ ముందు కంబళ్ళు తయారవుతుంటాయి, అంతే. అది దక్కనీ గొర్రె ఉన్ని, చాలావరకు నలుపు. ఒక గొర్రె ఏడాదికి కిలో ఉన్ని కూడా ఇవ్వదు. ఇళ్ళలో వడికిన ఆ దారాన్ని గుంట మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టిస్తారు. ఆ గంజి వల్లే కొత్త కంబళి అట్టలా నిలబడుతుంది. వాన నీళ్ళు జారిపోతాయి, చలి ఆగుతుంది, కింద పరిస్తే చాపను మించుతుంది. భాష భయం వద్దు, ఆ వైపు తెలుగు మాట్లాడేవాళ్ళు బాగానే ఉన్నారు. కుప్పం, పలమనేరు వాళ్ళకైతే ఎలాగూ రెండు భాషలూ వస్తాయి.

మెడకు చుట్టుకునే మఫ్లర్ అల్లడానికి దక్కనీ ఉన్ని పనికిరాదు. మెత్తని మెరీనోతో పోలిస్తే దాని పోగు మందం రెట్టింపు పైనే, గుచ్చుకుంటుంది. నేత మీద ఇష్టం ఉన్నవాళ్ళకు మాత్రం మూడింటిలో ఇదే మేలని నేను మొహమాటం లేకుండా చెబుతాను. మేరీలాండ్‌లో పోటీ కోసం చేసి చూపేది ఇక్కడ రోజువారీ పని. మడి కట్టుకునే ఇళ్ళలో ఉన్ని ధావళి వాడకం, జపానికి కంబళి పరుచుకోవడం చూసి పెరిగినవాళ్ళకు ఆ వస్తువు ఎక్కడి నుంచి వస్తుందో చూడాలని ఉండదా? ఫోటోలకు ముందు అడగండి, బేరం మరీ ఆడకండి.

ఊటీ సంగతేమిటి అంటారా? రోడ్డు పక్క స్వెట్టర్లు చాలావరకు మిషన్ అల్లికే. తెల్లటి నూలు గుడ్డ మీద ఎరుపు, నలుపు దారాలతో నీలగిరుల్లోని తోడా గిరిజన ఆడవాళ్ళు కుట్టే పని మాత్రం చూడాల్సిందే. 2013లో దానికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది.

కొనడం దగ్గర మూడు చోట్లా తేడా పెద్దది. అమెరికా పండుగల్లో చేత్తో రంగులద్దిన 100 గ్రాముల చిలప (ఊలు దారం చుట్ట) 25 నుంచి 35 డాలర్లు ఉంటుంది. సన్న దారమైతే అందులో దాదాపు 400 మీటర్లు వస్తుంది. పెద్దవాళ్ళ స్వెట్టర్‌కు అలాంటివి మూడు నాలుగు కావాలి. అంత పోసి అల్లింది తిరుపతిలో ఎన్ని రోజులు వేసుకుంటాం? ఒక్క చిలప కొనుక్కుని సన్నటి శాలువా అల్లుకుంటే కొండకూ పనికొస్తుంది, ఏసీ బోగీకీ పనికొస్తుంది. మిగతా డబ్బుతో మంచి చెక్క సూదులు, ఒక కదురు కొనండి. మన షాపుల్లో దొరకనివి అవే. మనవడి స్వెట్టర్‌కు మాత్రం ఖరీదైన ఊలు వద్దే వద్దు. కూతురు దాన్ని వాషింగ్ మిషన్‌లో వేసి, ఆ తర్వాత డ్రయ్యర్‌లో వేస్తుంది. వేడికీ రాపిడికీ ఉన్ని పోగులు ఒకదానికొకటి పెనవేసుకుపోయి స్వెట్టర్ బొమ్మకు సరిపోయే సైజుకు వస్తుంది. మిషన్‌లో ఉతికినా అలా పెనవేసుకుపోని, సూపర్‌వాష్ అని రాసి ఉన్న ఊలు తీసుకోండి, లేదంటే తిరుపతి షాపుల్లో దొరికే యాక్రిలిక్ ఉండలే నయం.

కడగని ఉన్ని మూటకట్టి ఇండియాకు తెద్దామనే ఆశ చాలామందికి పుడుతుంది. ఆ పని వద్దు. జంతు ఉత్పత్తులు దేశంలోకి తేవడానికి ముందస్తు అనుమతి నిబంధనలున్నాయి, ఎయిర్‌పోర్టులో టెన్షన్ ఎందుకు? పైగా ఆ ఉన్నిలో గడ్డి పరకలు, ముళ్ళు ఏరుతూ కూర్చోవడమంటే కంబట్లో భోజనం చేస్తూ వెంట్రుకలు ఏరినట్టే. వడికిన దారమో, కడిగి దువ్విన ఉన్నో కొనుక్కుని అక్కడున్న నెలల్లోనే వాడేయండి. అల్లిక సూదులు అమెరికా విమానాల్లో చేతి సంచిలో అనుమతిస్తారు గానీ చెన్నై నుంచి వెళ్ళేటప్పుడు చెక్-ఇన్ పెట్టెలో వేసుకోవడమే క్షేమం. ఇంటికొచ్చాక ఊలును బాగా ఆరబెట్టి, గాలి చొరబడని డబ్బాలో పెట్టి మూత బిగించండి. కలరా ఉండలు వేసేటట్టయితే కాగితంలో చుట్టి వేయండి, దారానికి తగలకుండా.