నది మీద వారం రోజులు: పెద్ద క్రూజ్ మేలా, అద్దె బోటు మేలా?

నది మీద వారం రోజులు తిరగాలని ఉంది, క్రూజ్ టికెట్ కొనుక్కోవాలా, నలుగురం కలిసి బోటు అద్దెకు తీసుకోవాలా అని ఎవరైనా అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: మీతో వచ్చేది ఎవరు? యూరప్‌లో రెండు రకాలుగానూ తిరిగాను. నది ఎంత బావున్నా, ఆ వారం ఎలా గడుస్తుందన్నది పక్కనున్న మనుషుల్ని బట్టే ఉంటుంది.

ముందు క్రూజ్ సంగతి. యూరప్ నదుల్లో తిరిగే పెద్ద షిప్పుల పొడవు 135 మీటర్లు, వెడల్పు 11.4 మీటర్లు. ఈ కొలతలు లాకుల్ని, అంటే తలుపులు మూసి నీళ్లు నింపుతూ, వదులుతూ పడవల్ని పైకీ కిందికీ చేర్చే నీటి గదుల్ని చూసి పెట్టుకున్నవి. రైన్ వైపు నుంచి డాన్యూబ్‌లోకి షిప్పులు దాటేలా మైన్ నది నుంచి తవ్విన కాలువ 1992లో పూర్తయింది. దాని లాకుల వెడల్పు 12 మీటర్లు. అంటే షిప్పు లోపలికి వెళ్లాక అటూ ఇటూ మిగిలేది తలా 30 సెంటీమీటర్లు. ఒక రాత్రి మెలకువ వచ్చి కర్టెన్ పక్కకి జరిపితే, కిటికీ నిండా తడి సిమెంటు గోడ కనిపించింది. చూస్తుండగానే ఆ గోడ మెల్లగా కిందికి జారడం మొదలుపెట్టింది. కదులుతున్నది గోడ కాదు, మేమే పైకి లేస్తున్నామని తెలియడానికి కాసేపు పట్టింది. అలా ఒక్కో లాకూ ఎక్కుతూ సముద్రమట్టానికి 406 మీటర్ల ఎత్తుకి చేరతాం. అంత పెద్ద షిప్పు కొండెక్కుతుంటే మనం మంచం మీద పడుకుని చూడటం క్రూజ్‌లోనే కుదురుతుంది.

షిప్పులో దాదాపు 190 మంది ఉంటారు. ఎక్కువమంది ఉద్యోగాల నుంచి రిటైరైనవాళ్లు. మొదటి రాత్రి భోజనానికి ఏ టేబుల్ దగ్గర కూర్చుంటామో, చాలాసార్లు వారమంతా వాళ్లే మన స్నేహితులవుతారు. అందుకే తొందరపడి మూలకి వెళ్లి కూర్చోకండి. పొసగనివాళ్లు తగిలినా భయం లేదు, తప్పుకుని తిరగడానికి చోటుంది. ఒంటరిగా వెళ్లేవాళ్లకి ఇది నిజంగా మంచి దారి. కాకపోతే ఇద్దరి క్యాబిన్‌లో ఒక్కరే ఉంటే చాలా కంపెనీలు అదనంగా తీసుకుంటాయి, ముందే కనుక్కోండి.

ఇబ్బందులూ ఉన్నాయి. రేవులో చోటు లేకపోతే షిప్పుల్ని పక్కపక్కనే కట్టేస్తారు. అప్పుడు మన కిటికీ ఎదురుగా నది ఉండదు, పక్క షిప్పువాళ్ల కిటికీ ఉంటుంది. ఒడ్డుకి వెళ్లాలంటే ఆ షిప్పు మీదుగానే నడవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఈ సంగతి తెలుసుకుని బయల్దేరాలి. నది నీళ్లు తగ్గినా పెరిగినా కూడా చిక్కే. 2018లో, 2022లో రైన్‌లో నీళ్లు బాగా తగ్గిపోయాయి. అలాంటప్పుడు కొంత దూరం బస్సులో తీసుకెళ్లి అవతల ఇంకో షిప్పు ఎక్కిస్తారు. వరదొస్తే వంతెనల కింద నుంచి షిప్పు పట్టదు.

ఇక అద్దె బోటు. మేం ఆరుగురం ఫ్రాన్స్‌లో కెనాల్ దు మిది మీద వెళ్లాం. 1666లో తవ్వడం మొదలుపెట్టి 1681లో పూర్తిచేసిన కాలువ ఇది, పొడవు 240 కిలోమీటర్లు. లైసెన్స్ అక్కర్లేదు, బోటు ఇచ్చేవాళ్లే కాసేపు నేర్పిస్తారు. గంటకి 8 కిలోమీటర్లు దాటకూడదు కాబట్టి చుక్కాని త్వరగానే చేతికి అలవాటవుతుంది. టెన్షన్ అంతా లాకుల దగ్గరే. గోడలు మట్టి ఒత్తిడికి కూలకుండా అక్కడి లాకుల్ని కోడిగుడ్డు ఆకారంలో కట్టారు. దాంతో బోటు గోడని అంటిపెట్టుకుని నిలబడదు, తాడుతో పట్టి ఉంచాలి.

మొదటి రోజు మాలో ఒకరు ఆ తాడుని ఒడ్డునున్న ఇనప గుంజకి గట్టిగా ముడేసేశారు. నీళ్లు దిగడం మొదలయ్యాక తాడు కర్రలా బిగుసుకుపోయి, బోటు ఒక పక్క గోడకి వేలాడినట్టు ఒరిగింది, లోపల గిన్నెలు జారి పడ్డాయి. లాకు దగ్గరి మనిషి వెంటనే నీళ్లు ఆపబట్టి సరిపోయింది. గుంజకి ఒక్క చుట్టు మాత్రమే వేసి, కొస చేతిలో పట్టుకుని, నీళ్లు దిగేకొద్దీ వదలాలని అప్పుడు నేర్చుకున్నాం. ఆ సాయంత్రం మాటలు బాగానే పెరిగాయి. మూడో రోజుకి మాత్రం అరుపుల్లేకుండా చేతి సైగలతోనే లాకులు దాటుతున్నాం. అదే వారం క్రూజ్‌లో గడిపుంటే వాళ్లు నాకు ఇంత దగ్గరయ్యేవాళ్లు కారు.

ఇంగ్లండ్ కాలువల్లో అయితే చాలాచోట్ల లాకు తలుపులు కూడా మనమే తెరవాలి, వంగి నడుంతో తోసి మరీ. కష్టపడటం ఇష్టమైతేనే అటు వెళ్లండి.

బోటు తీసుకునేముందు రెండు విషయాలు. ఎనిమిది మంది పడుకోవచ్చని రాసి ఉంటే, చాలాసార్లు అందులో ఇద్దరు రాత్రిపూట భోజనాల బల్లని మడిచి పడుకోవాల్సినవాళ్లే. ఆ లెక్కన ఎనిమిది పడకల బోటుకి ఆరుగురే సరి. రెండోది, వంట ఎవరు, గిన్నెలు ఎవరు, నీళ్ల ట్యాంకు నింపేది ఎవరు అన్నది బయల్దేరకముందే తేల్చుకోండి. గొడవలు నది దగ్గర రావు, సింకు దగ్గర వస్తాయి.

మధ్యేమార్గంగా, నడిపేవాళ్లూ వండేవాళ్లూ ఉన్న చిన్న పడవలున్నాయి. ఫ్రాన్స్‌లో పాత సరుకు పడవల్ని ఇలా మార్చారు. ఈజిప్టులో నైలు మీద రెండు తెరచాపల దహబియాలు తిరుగుతాయి. పెద్ద షిప్పులు ఆగలేని చిన్న చిన్న దీవుల దగ్గర ఇవి ఆగుతాయి. అయితే ఏడెనిమిది మంది అపరిచితుల్లో ఒక్కరితో పొసగకపోయినా వారమంతా ఎదురుపడక తప్పదు. పడవ మొత్తం మనవాళ్లే తీసుకోగలిగితే దీనికి మించింది లేదు.

నా మట్టుకు నేను అద్దె బోటుకే ఓటేస్తాను, అయితే ఇంతకుముందు ఒకే గదిలో సర్దుకుపోయిన స్నేహితులతోనే. మా అమ్మానాన్నలకి మాత్రం క్రూజ్ టికెట్ తీస్తున్నాను, నీటి మట్టానికి దగ్గరగా చిన్న కిటికీ ఉండే కింది అంతస్తు వద్దని, మధ్య డెక్ క్యాబిన్ అడిగి. లాకులో గోడ దిగే రాత్రి వాళ్లిద్దర్నీ నిద్ర లేపమని కూడా చెప్పి పంపుతాను.