స్లాబ్ మీంచి పడితే రాజీ పైసలా, లేబర్ ఆఫీసా: ఏది మేలు?

మా చుట్టుపక్కల ఎవరైనా సెంట్రింగ్ మీంచి పడ్డారంటే రెండు మూడు రోజుల్లో నాకు ఫోన్ వస్తుంది. అడిగేది ఒకటే. "అన్నా, కాంట్రాక్టరు లక్ష ఇస్తానంటున్నడు. తీసుకోమంటవా, కేసు వేయమంటవా?" నేను వకీలును కాను. 2023 వానాకాలంలో మా బావమరిది మిర్యాలగూడలో అపార్ట్‌మెంట్ పనిలో రెండో అంతస్తు నుంచి పడితే, వాడి ఫైలు చంకలో పెట్టుకుని రెండేళ్లు నల్లగొండ చుట్టూ తిరిగాను. ఆ తిరుగుడులో తెలిసిన సంగతులే ఇవి.

రాజీని నేను తీసిపారేయను. ఇంట్లో సంపాదించే మనిషి మంచాన పడితే మందులకు, కిరాయికి, పిల్లల ఫీజులకు పైసలు రేపే కావాలి. గుంపు మేస్త్రి చాలాసార్లు మన ఊరివాడే, బాగయ్యాక మళ్లీ అతని దగ్గరికే పనికి పోవాలి. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని పెద్దమనుషులు అంటారు చూడండి, అదీ ఉత్త మాట కాదు. వాయిదాకు పోయిన ప్రతిసారీ మా వాడికి ఒక రోజు పోయేది, నాకు కూడా.

రెండో దారి, 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం కింద కార్మిక శాఖ కమిషనర్ ముందు దరఖాస్తు (2025 నవంబరు 21 తర్వాత పడ్డవాళ్ల సంగతి చివర్లో చెబుతాను). ఇక్కడ తప్పు ఎవరిదని పెద్దగా తవ్వరు. పనిలో ఉండగా, ఆ పని వల్లే దెబ్బ తగిలిందా అన్నదే చూస్తారు. మేస్త్రి చేతులెత్తేస్తే సెక్షన్ 12 కింద పైనున్న బిల్డర్‌ను కూడా లాగవచ్చు. సొంతిల్లు కట్టుకుంటున్న మామూలు యజమాని సంగతి వేరు. ఇళ్లు కట్టడం అతని వ్యాపారం కాదు కాబట్టి ఆ సెక్షన్ అతనికి తేలిగ్గా తగలదు, అక్కడ మేస్త్రినే పట్టుకోవాలి.

రాజీలో ఇచ్చే మొత్తం తక్కువని అందరికీ తెలుసు. నా దృష్టిలో అసలు తిరకాసు మొత్తంలో లేదు, తేదీలో ఉంది. రాజీకి కూర్చునేది పడ్డ వారానికో పది రోజులకో. ఆ చెయ్యి మళ్లీ ఎంతవరకు పనికొస్తుందో అప్పటికి డాక్టరుకే తెలియదు.

మా వాడి రాజీ సైటులోనే, ఇసుక కుప్ప పక్కన సిమెంటు బస్తాల మీద కూర్చుని అయింది. వంద రూపాయల స్టాంపు కాగితం ముందే టైపు చేయించి తెచ్చారు. "నా అజాగ్రత్త వల్లనే జారిపడితిని, ఇకమీదట ఎలాంటి దావా వేయను" అని ఉంది. కుడి చెయ్యి మోచేతి దాకా కట్టులో ఉండడంతో వాడు ఎడమ చేత్తో సంతకం గీశాడు. మూడక్షరాల పేరు, చివరి అక్షరం గీత దాటి కిందికి జారిపోయింది. ఎనభై వేలు లెక్కబెట్టి ఇచ్చారు. ఆ రోజు నాక్కూడా మంచి బేరమే అనిపించింది. కట్టు విప్పాక చూస్తే మణికట్టు వంగదు. ఎనిమిది నెలలు ఫిజియోథెరపీ చేయించినా సుత్తి పట్టుకుంటే జారుతోంది.

ఇప్పుడు చట్టం లెక్క చూడండి. వయసు 35. కూలి రోజుకు 800, నెలకు 26 రోజులు, అంటే 20,800. కానీ 2020 జనవరి నుంచి లెక్కలోకి తీసుకునే నెల జీతం 15,000 దాటదు. అందులో 60 శాతం, 9,000. ముప్పై అయిదేళ్లకు చట్టం పట్టికలో ఉన్న గుణకం 197.06. గుణిస్తే 17,73,540. మనిషి అప్పటిదాకా చేయగలిగిన ఏ పనికీ పనికిరాకుండా పోతే వచ్చేది అది. సంపాదించే శక్తి 30 శాతం పోయిందని తేలితే 5,32,062. మాకు తేలింది 30 శాతమే.

అంటే ఆట మొత్తం శాతం మీదే నడుస్తుంది. ఆ శాతం కూడా సదరం క్యాంపులో రాసిచ్చే వైకల్యం శాతం ఒక్కటే కాదు. చేతి బొటనవేలు పోతే 30 శాతం అని చట్టం పట్టికలోనే ఉంది. పట్టికలో లేని గాయానికి, ఆ మనిషి సంపాదన ఎంత దెబ్బతింటుందో అర్హత ఉన్న డాక్టరు చెప్పాలి. ఒక వడ్రంగికి ఎడమ చెయ్యి మోచేతిపైన తీసేస్తే, ఇక వడ్రంగం చేయలేడు కాబట్టి నష్టం నూటికి నూరు శాతమని 1975లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే డాక్టరు వాంగ్మూలంలో "కుడి మణికట్టు వంగదు" అన్న దగ్గర ఆగకూడదు. ఇతను చేసేది సెంట్రింగ్ పని, ఈ చేత్తో ఆ పని చేయలేడు అన్నది కూడా రావాలి. ఇసుక కుప్ప పక్కన పది నిమిషాల్లో ఇవేవీ తేలవు కదా.

స్టాంపు కాగితం మీద సంతకం పెట్టేశాం, ఇక దారి మూసుకుపోయిందా అని చాలామంది టెన్షన్ పడతారు. మూసుకుపోలేదు. పరిహారం హక్కును వదులుకుంటున్నానని కూలీ రాసిచ్చినా సెక్షన్ 17 ప్రకారం అది చెల్లదు. రాజీ పత్రాన్ని కమిషనర్ దగ్గర నమోదు చేయించాలి. చేయించకపోతే యజమాని చట్టప్రకారం పూర్తి పరిహారానికి బాధ్యుడే. పైగా అప్పటికే ఇచ్చిన దాంట్లో, కమిషనర్ వేరుగా చెబితే తప్ప, సగానికి మించి తగ్గించుకోలేడు. మా ఎనభై వేలలో నలభై వేలే మినహాయించారు. కాంట్రాక్టరు ముఖం ఆ రోజు చూడాల్సింది. ప్రాణం పోయిన కేసులో ఇంకా గట్టిగా ఉంటుంది. డబ్బు కమిషనర్ దగ్గర జమ చేయాలి. కుటుంబం చేతికి నేరుగా ఇచ్చింది, మూడు నెలల జీతం దాకా ఇచ్చే అడ్వాన్సు తప్ప, పరిహారం కింద లెక్కకే రాదు.

కాబట్టి నన్నడిగితే లేబర్ ఆఫీసే మేలు. అలాగని మొదటి రోజే తగువు పెట్టుకోమనను. ఆసుపత్రి ఖర్చు యజమానే భరించాలి, వైద్యానికి ఇచ్చింది పరిహారంలో కలవదు. పని చేయలేని రోజులకు పదిహేను రోజులకోసారి నెల జీతంలో 25 శాతం రావాలి, 15,000 లెక్కన 3,750. ఇవి అడిగి తీసుకోండి, ముట్టినట్టు రసీదు ఇవ్వండి, "దావా వేయను" అన్న వాక్యం ఉంటే మాత్రం సంతకం పెట్టకండి. శాతం తేలాక కూడా రాజీకే మొగ్గితే కమిషనర్ దగ్గర నమోదు చేయించుకోండి. కేసుకు రెండేళ్ల గడువుంది. నెలలోపు కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం చూపకపోతే సగం దాకా అదనపు జరిమానా. యజమాని హైకోర్టుకు పోవాలంటే ముందు ఆ మొత్తం జమ చేయాల్సిందే.

దెబ్బ టిప్పర్ వల్లో, నంబరున్న జేసీబీ వల్లో తగిలితే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ దారి కూడా ఉంది. అక్కడ 15,000 పరిమితి లేదు, నొప్పికి, బాధకు విడిగా కడతారు. కానీ డ్రైవరు నిర్లక్ష్యం నిరూపించాలి. చట్టం పెట్టిన గడువు ఆరు నెలలే. రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి. వాహనం తప్పు స్పష్టంగా ఉండి ఎఫ్ఐఆర్ కూడా ఉంటే నేనైతే ట్రిబ్యునల్‌కే పోతాను.

సివిల్ దావా మన బోటివాళ్లకు కాదు. అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు, ఏళ్ల తరబడి వాయిదాలు. ఈఎస్ఐ (కార్మిక రాజ్య బీమా) ఉంటే అదే దారి, లేబర్ ఆఫీసులో పరిహారం అడగడానికి ఉండదు. భవన నిర్మాణ కార్మికుల కార్డు ఉంటే సంక్షేమ మండలి సాయానికి వేరుగా దరఖాస్తు పెట్టుకోండి.

ఏ దారిలో పోయినా పనికొచ్చేది మొదటి రోజు కాగితాలే. మమ్మల్ని ఎక్కువ ఏడిపించింది ఆసుపత్రి కేస్ షీటు. చేర్చినప్పుడు వెంట వచ్చిన మేస్త్రి "ఇంట్లో మెట్ల మీంచి జారిండు" అని రాయించాడు. అది తప్పని చూపడానికే నాలుగు వాయిదాలు పోయాయి. చివరికి ఆదుకున్నవి రెండు. శనివారం శనివారం ఫోన్‌పేలో పడ్డ వారం కూలి, మేస్త్రి జేబు పుస్తకంలో హాజరు గీతల పేజీకి మా వాడి దోస్తు తీసిన ఫొటో. వకీలుకు పైసలు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా పెడుతుంది. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేదు. ఫోన్ 15100.

2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చి 1923 చట్టం అందులో కలిసిపోయింది. నేను పైన చెప్పిన సెక్షన్ నంబర్లు పాత చట్టానివి. ఆ తేదీ తర్వాత పడ్డవాళ్లు దరఖాస్తు కొత్త కోడ్ ప్రకారం రాయించుకోండి.

మొన్న అచ్చంపేట నుంచి ఒకామె ఫోన్ చేసింది. భర్త పుణెలో పడ్డాడట, కేసు కోసం అంత దూరం ఎలా తిరగాలని ఏడుస్తోంది. తిరగక్కర్లేదమ్మా, నువ్వు ఉండే చోట కూడా వేసుకోవచ్చు, పాలమూరులోనే అడుగు అన్నాను. ఆధార్, ఆసుపత్రి కాగితాలు, కూలి పడ్డ ఫోన్ పోగొట్టకుండా దాచమన్నాను. ఫోన్ పుణెలో మేస్త్రి దగ్గరే ఉండిపోయిందట. ఎల్లుండి ఊరివాళ్లెవరో వస్తున్నారు, ముందు అది తెప్పించుకోమని చెప్పాను.