స్క్రైబస్ 1.6తో తెలుగు పుస్తకం చేసి ప్రెస్సుకి పంపాను, నా అనుభవం ఇదీ

నాన్న రాసుకున్న పద్యాలు, చిన్న కథలు కలిపి పుస్తకం వేద్దామని రెండేళ్ల నుంచి అనుకుంటూ మొత్తానికి ఈ సంక్రాంతికి పూర్తి చేశాం. డెమ్మీ 1/8 సైజు, 112 పేజీలు, లోపల ఒకటే రంగు, అట్ట మల్టీకలర్, 300 కాపీలు. బయట డీటీపీకి ఇవ్వకుండా పేజీలన్నీ నేనే స్క్రైబస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చేశాను. సొంత ఖర్చుతో పుస్తకం వేసుకునేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు కాబట్టి, ఇది తెలుగుకి పనికొస్తుందా లేదా అన్నది కాస్త వివరంగా రాస్తున్నాను. ఒక్క మాటలో చెప్పాలంటే పనికొస్తుంది, కానీ మొదటి అక్షరం పెట్టకముందే సైజు, మార్జిన్లు, బ్లీడ్ (కటింగ్ గీత దాటి అంచు బయటికి వదిలే అదనపు బొమ్మ) సరిచూసుకుంటేనే.

ఈ మాట ఎందుకంటున్నానంటే మొదటిసారి నేను చేసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. మామూలు టైపింగ్ ప్రోగ్రాంలో ఏ4 పేజీల మీద అంతా కొట్టేసి, ఆ ఫైల్‌నే విజయవాడలో ఒక ప్రెస్సుకి మెయిల్ చేశాను. మర్నాడు ప్రెస్సాయన ఫోన్ చేసి, "అమ్మా, మీరు ఏ4లో చేశారు, డెమ్మీకి తగ్గిస్తే అక్షరం చదవలేం. అట్టకి బ్లీడ్ కూడా ఇవ్వలేదు, కటింగ్‌లో అంచున తెల్లగీత పడుతుంది" అన్నారు. అదీకాక నేను వాడిన ఫాంట్ వాళ్ల సిస్టంలో లేక వేరే ఫాంట్ వచ్చి కూర్చుంది. దాంతో పేజీలన్నీ జరిగిపోయి ఒక ఆటవెలదికి మూడు పాదాలు ఒక పేజీలో, నాలుగో పాదం తర్వాతి పేజీలో పడ్డాయి. ఆ ప్రింటౌట్ నాన్నకి చూపించలేదు.

అప్పుడు వెతుక్కుంటే స్క్రైబస్ దొరికింది. నిజానికి పేరు ముందే విన్నాను గానీ తెలుగు రాదని వదిలేశాను. పాత 1.4 వెర్షన్‌లో అది నిజమే, ఒత్తులూ గుణింతాలూ విడిపోయి కనిపించేవి. 2017లో వచ్చిన 1.5.3 నుంచి అది మారింది. ఒమన్‌కి చెందిన ఒక బృందం అరబిక్ కోసం చేసిన పని వల్ల మన లిపులకీ దారి దొరికింది. 2024 జనవరి 1న వచ్చిన 1.6 స్థిరమైన వెర్షన్, నేను వాడిందీ అదే. మొదట "రాష్ట్రం", "స్త్రీ", "లక్ష్మి", "జ్యోత్స్న" ఈ నాలుగు మాటలూ పెట్టి బాగా పెద్దది చేసి చూశాను. ఒత్తు కింద ఒత్తు సరిగ్గా కూర్చుంది. ఆ క్షణానే ఇందులోనే చేయాలని నిర్ణయించుకున్నాను. యూనికోడ్ ఫాంట్ ఉంటే చాలు. నేను లోపలి పేజీలకి మండలి, అట్ట మీద పేరుకి రామభద్ర వాడాను, రెండూ ఉచితమే.

కొత్త డాక్యుమెంట్ తెరవగానే వచ్చే మొదటి కిటికీలోనే సగం పని ఉంది, దయచేసి దాన్ని దాటేసి వెళ్లకండి. డెమ్మీ 1/8 అంటే ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర ఎత్తు, అంటే 139.7 × 215.9 మిల్లీమీటర్లు. అది లిస్టులో ఉండదు, కస్టం ఎంచుకుని చేత్తో కొట్టాలి. ఎదురెదురు పేజీలు అన్నది పెట్టి, మొదటి పేజీ కుడివైపు అని చెప్పాలి, ఎందుకంటే పుస్తకంలో ఒకటో పేజీ ఎప్పుడూ కుడిచేతి వైపే వస్తుంది. మార్జిన్లు లోపలివైపు 20, బయటివైపు 15 మిల్లీమీటర్లు పెట్టాను. పర్ఫెక్ట్ బైండింగ్‌లో లోపలి అంచు జిగురులోకి పోతుంది కదా, అక్కడ కాస్త ఎక్కువ వదలకపోతే పాఠకుడు పుస్తకాన్ని విరిచి పట్టుకుని చదవాలి. పేజీల లెక్క కూడా అప్పుడే చూసుకోవాలి. మా ప్రెస్సు లెక్కలో ఫారం అంటే 16 పేజీలు. నాకు మొదట 106 వచ్చాయి. 106కి వేసినా 112కి వేసినా ఫారాలు ఏడే కాబట్టి ఆరు పేజీల్లో నాన్న పాత ఫోటోలు పెట్టాను. పేజీలు ఏ వరసలో ప్లేటు (అచ్చు వేసే రేకు) మీదికెక్కాలన్నది ప్రెస్సు వాళ్లే చూసుకుంటారు. మనం 1, 2, 3 అని విడివిడి పేజీలుగా ఇస్తే చాలు, జంటలుగా కలిపి ఇవ్వకూడదు.

వరుసల మధ్య దూరం దగ్గర చాలా తంటాలు పడ్డాను. ఇంగ్లిష్ అక్షరానికి సరిపోయే దూరం మనకి చాలదు, పైన గుడి, కింద ఒత్తు, దాని కింద ఇంకో ఒత్తు ఉంటాయి. 12 పాయింట్ల అక్షరానికి ఫిక్స్‌డ్‌గా 15 ఇస్తే పై వరుస ఒత్తు వచ్చి కింది వరుస గుడికి తగిలింది. 17 ఇచ్చాను, ఇంకా ఇరుకే. 19 దగ్గర కుదిరింది. దాన్ని పారాగ్రాఫ్ స్టైల్‌లో ఒక్కసారి పెట్టుకుంటే పుస్తకమంతా మారుతుంది, పేజీ పేజీకీ తిరగక్కర్లేదు. కథల పేజీల్లో రెండు అంచులూ సమానంగా పెడితే మన పొడుగు మాటల వల్ల మధ్యలో కంతలు పడ్డాయి, అందుకే ఎడమ అంచుకే సరిపెట్టి కుడివైపు వదిలేశాను. చూడ్డానికి బాగానే ఉంది.

అట్టని వేరే ఫైల్‌గా చేశాను. వెనక అట్ట, స్పైన్ (పుస్తకం వీపు), ముందు అట్ట మూడూ కలిపి ఒకే పేజీ. స్పైన్ మందం ప్రెస్సుని అడగాల్సిందే. మాది 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 80 గ్రాముల బరువు) మ్యాప్‌లితో కాగితం, 56 కాగితాలు, కాగితానికి సుమారు 0.1 మిల్లీమీటర్ చొప్పున 5.6 వచ్చింది. అంటే పేజీ వెడల్పు 285 మిల్లీమీటర్లు, దానికి నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్. ముందు చెప్పినట్టు బ్లీడ్ అంటే బొమ్మని కటింగ్ గీత దాటి బయటికి సాగదీయడం. కత్తి ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా తెల్లకాగితం కనపడకుండా ఉండాలని.

ముందు అట్టకి మా మిరపతోట ఫోటో అనుకున్నాం. తమ్ముడు వాట్సాప్‌లో పంపాడు, ఫోన్‌లో చూస్తే అద్భుతంగా ఉంది. స్క్రైబస్‌లో ప్రీఫ్లైట్ వెరిఫయర్ అని ఒకటుంది, పీడీఎఫ్ చేయబోయే ముందు తప్పులన్నీ లిస్టు వేస్తుంది: ఫాంట్‌లో లేని అక్షరం, ఫ్రేంలో (పాఠం పెట్టే గడిలో) పట్టక మిగిలిపోయిన మాటలు, రిజల్యూషన్ చాలని బొమ్మలు. బొమ్మల రిజల్యూషన్ కనీస పరిమితిని 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలు) మార్చుకున్నాను. ఫోటో పక్కన పసుపు త్రికోణం వచ్చింది. లెక్క వేస్తే బ్లీడ్‌తో కలిపి అట్ట ఎత్తుకి 2,600 పిక్సెళ్ల పైన కావాలి, నా దగ్గరున్న ఫోటో పొడుగు వైపు 1,600 మాత్రమే. తమ్ముడి చేత అసలు ఫైల్‌ని డాక్యుమెంట్‌గా మళ్లీ పంపించుకున్నాను. ఈ హెచ్చరిక లేకపోతే 300 అట్టల మీదా మిరపకాయలు మసకమసకగా పడేవి.

నలుపు గురించి తప్పకుండా చెప్పాలి. రంగుల లిస్టులో బ్లాక్, రిచ్ బ్లాక్, రిజిస్ట్రేషన్ అని విడివిడిగా ఉంటాయి, తెర మీద మూడూ నల్లగానే కనిపిస్తాయి. వెనక అట్ట మీది తొమ్మిది పాయింట్ల పరిచయానికి తెలియక రిచ్ బ్లాక్ పెట్టాను. అంటే ప్రతి అక్షరం నాలుగు రంగుల ప్లేట్ల మీదా పడుతుంది, వాటిలో ఒక్కటి పిసరంత జరిగినా "ద్ధ", "ష్ఠ" లాంటి వాటి కింద సందులు రంగుతో మూసుకుపోతాయి. అవుట్‌పుట్ ప్రివ్యూలో సయాన్, మెజెంటా, ఎల్లో, బ్లాక్ ప్లేట్లని ఒక్కొక్కటిగా ఆపి చూడొచ్చు. నేను బ్లాక్ ఆపాను, అయినా అక్షరాలు పోలేదు, అప్పుడు తెలిసింది తప్పు. మామూలు బ్లాక్‌కి మార్చి మళ్లీ చూస్తే శుభ్రంగా మాయమయ్యాయి. విండోస్‌లో ఈ ప్రివ్యూకి ఘోస్ట్‌స్క్రిప్ట్ అనేది విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

ఇబ్బందులూ ఉన్నాయి. పీడీఎఫ్ ఎక్స్-1ఏ లాంటి, ప్రెస్సుల కోసం ఉన్న పీడీఎఫ్ రకాలు కావాలంటే ముందు కలర్ మేనేజ్‌మెంట్ ఆన్ చేయాలి, లేకపోతే ఆ ఎంపికే కనిపించదు. ఆన్ చేశాక కూడా సేవ్ బటన్ పనిచేయక అరగంట కూర్చున్నాను, ప్రీప్రెస్ ట్యాబ్‌లో ఇన్ఫో స్ట్రింగ్ అనే గడి ఖాళీగా ఉండటమే కారణం, పుస్తకం పేరు కొట్టగానే సేవ్ అయింది. టేబుళ్లు పెట్టడం కష్టం. 1.6లో దాచిన ఫైల్ పాత 1.4లో తెరుచుకోదు. నవలంత పాఠాన్ని ఒకే గొలుసుగా ఫ్రేముల్లో పారిస్తే సాఫ్ట్‌వేర్ బాగా నెమ్మదిస్తుంది, అధ్యాయాలుగా విడగొట్టుకోవడం మంచిది. అడోబీ వాళ్ల పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ కూడా, అందులో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టుకుంటే తెలుగు బాగా చేస్తుంది, పైగా చేయి త్వరగా తిరుగుతుంది, కానీ నెలనెలా చందా కట్టాలి. ఏడాదికి ఒక పుస్తకం చేసే నాలాంటివాళ్లకి అది దండగ. మన ప్రెస్సుల్లో ఇంకా 2001 నాటి పేజ్‌మేకర్ 7 అనే పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లున్నారు, వాళ్లు పేజ్‌మేకర్ ఫైల్ అడిగితే కంగారుపడకండి, ఫాంట్లు ఎంబెడ్ చేసిన (ఫైల్‌లోనే ఇమిడ్చిన) పీడీఎఫ్ ఇస్తామని చెప్పండి.

రెండోసారి ఫైళ్లు తీసుకుని నేనే విజయవాడ వెళ్లాను. ప్రెస్సాయన అట్ట ప్రూఫ్ మీద భూతద్దం పెట్టి వెనకవైపు చిన్న అక్షరాల దగ్గర చాలాసేపు చూశారు. "నలుపు ఒక్క ప్లేటులోనే ఉందమ్మా, ఇక దీన్ని మేం ముట్టుకోనక్కర్లేదు" అని అసిస్టెంట్‌ని పిలిచి ఫైల్ ఇచ్చేశారు. సాయంత్రానికల్లా ప్లేట్లు తయారయ్యాయి.