ఒక పలకా, రెండు పలకలా: గుల్మార్గ్‌లో ఐదు రోజులు

అనంతపురం పక్కనుంచి పోయే 44వ నంబరు జాతీయ రహదారికి ఆ కొస శ్రీనగరే అయినా, అంతదూరం కారులో వెళ్లే ఓపిక లేక, ఈసారి కూడా బెంగళూరు విమానాశ్రయం నుంచే బయలుదేరాము. నాకిది మూడవ గుల్మార్గ్ ప్రయాణం. మొదటి రెండుసార్లూ మంచుపై జారే ఒంటి పలక, అంటే స్నోబోర్డు మీదే గడిపాను. నా భార్య, కూతురు మాత్రం కాలికొక పలక చొప్పున తొడిగే స్కీలు నేర్చుకున్నారు. ఏడాదికి ఐదు రోజులకు మించి మంచును చూడని నాబోటి నలభై ఆరేళ్లవాడు బోర్డును వదిలి స్కీలకు మారడం మంచిదా కాదా అన్నది ఈ ప్రయాణంలో తేల్చుకోవాలనుకున్నాను.

ఈ సందేహానికి మూలం చదును నేల. స్నోబోర్డులో రెండు పాదాలూ ఒకే పలకకు అడ్డంగా బిగించి ఉంటాయి గనుక, వాలు తగ్గగానే అది నిలిచిపోతుంది. అప్పుడు వెనుక కాలు విప్పుకొని, దానితో మంచును తన్నుకుంటూ ముందుకు సాగాలి. స్కీలమీద ఉన్నవారు చేతికర్రలతో రెండు పోట్లు పొడిచి హాయిగా వెళ్లిపోతారు. గుల్మార్గ్‌లో కొత్తవారు నేర్చుకునే వాలులు అంత నిటారైనవి కావు, వాటి అంచుల్లో చదునే ఎక్కువ. మనిషిని నేలమీదనే పైకి ఈడ్చుకుపోయే లిఫ్టు కూడా స్కీలకు అనువైనదే. బోర్డువాడు ఒంటికాలి బిగింపుతో పక్కకు తిరిగి నిలబడి దాన్ని పట్టుకోవాలి. కొండ దిగేటప్పటికన్నా ఈ లిఫ్టు దగ్గరే నేను ఎక్కువసార్లు పడ్డాను. మళ్లీ పైకి చేరాక మంచులో కూర్చుని పట్టీలు బిగించుకుంటుంటే, మా అమ్మాయి కర్రలమీద వాలి, ‘నాన్నా, ఇంకా ఎంతసేపు?’ అని అడిగేది.

మొదటి రెండు రాత్రులు ఖర్చు కలిసొస్తుందని టంగ్‌మార్గ్‌లో దిగాము. అక్కడి నుంచి గుల్మార్గ్ 13 కిలోమీటర్లే గాని, మంచు కురిసిన ఉదయం చక్రాలకు గొలుసులు వేసిన వాహనం దొరికి, అది పైకి చేరేసరికి సగం పూట గడిచిపోయింది. మూడవ రోజు గుల్మార్గ్‌కే మారాము. గది అద్దె దాదాపు రెట్టింపయినా, బుఖారీ పొయ్యి పక్కన తడి బూట్లు ఆరబెట్టుకునే వీలు ఒక్కటే ఆ తేడాకు సరిపోయింది. తీగలపై కొండెక్కించే గొండోలా ఎక్కి చూసి వచ్చేవారికి టంగ్‌మార్గ్ చాలు. రోజంతా జారాలనుకునేవారికి అది తగదు.

స్కీలకు మారిన మొదటి పూటే ఒక పొరపాటు జరిగింది. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్, మనిషి పడినప్పుడు ఊడిపోవాలి. ఎంత బలానికి ఊడాలన్నది మనిషి బరువు, ఎత్తు, వయసు, నైపుణ్యం, బూటు అడుగు పొడవు చూసి బిగిస్తారు. నాకు స్కీలు అద్దెకిచ్చిన దుకాణంలో ఇవేవీ అడగలేదు, అడగాలని నాకూ తోచలేదు. రెండవసారి పడినప్పుడు ఎడమ స్కీ ఊడక మోకాలు మెలితిరిగింది. బోర్డుతో పడితే దెబ్బ మణికట్టుకో వెన్ను చివరి ఎముకకో తగులుతుంది. స్కీలలో భయమంతా మోకాలికే. మరునాడు వేరే దుకాణంలో నా బరువు చెప్పి, బిగింపు సరిచేయించుకున్న తరువాతే స్కీలు తొడుక్కున్నాను.

బోర్డు మీద నేర్చిన, పలక అంచుతో మంచును పట్టే నేర్పు స్కీలలోనూ అక్కరకొచ్చింది, వేగమంటే జంకూ లేదు. కాని పక్కకు తిరిగి ముందుకాలిపై బరువు మోపే అలవాటును విడిచి, వాలుకు ఎదురుగా నిలిచి, మలుపులో బయటి కాలిపై బరువు వేయడానికి రెండు పూటలు పట్టింది. స్కీ నేర్పే గురువులు మాకు సులభంగా దొరికారు, బోర్డు నేర్పేవారి కోసమైతే వెతకవలసి వచ్చింది. బూట్ల విషయంలో మాత్రం బోర్డుదే పైచేయి. స్కీ బూట్లు తొడిగి బస నుంచి లిఫ్టు దాకా నడవడం కాళ్లకు కొయ్యలు కట్టుకున్నట్లే ఉంటుంది.

నాలుగవ రాత్రి మోకాలి లోతు మంచు కురిసింది. ఉదయం గొండోలా మొదటి అంచె ఆగే కొంగ్‌డోరి వాలులో నా సన్నని అద్దె స్కీలు ఆ మంచులో కూరుకుపోతుంటే వెనక్కి వచ్చి బోర్డు తెచ్చుకున్నాను. ఆ రోజు బోర్డు మంచుపై తేలుతూ సాగింది. అంత సుఖం స్కీలలో నాకు దొరకలేదు. సుమారు 3,950 మీటర్ల ఎత్తున్న అఫర్వాత్‌కు, అంటే గొండోలా రెండవ అంచెకు మాత్రం ఎక్కలేదు. అక్కడి వాలులు యంత్రాలతో చదును చేసినవి కావు, హిమపాతాల ముప్పూ ఉంది. సరదాకు జారేవారికి అక్కడ పని లేదు.

వానకోసం ఆకాశం చూసే సీమవాళ్లకు మంచుకోసం చూడడం కొత్తేమీ కాదు. 2024 జనవరిలో గుల్మార్గ్ చాలా రోజులు మంచు లేకుండా బోసిపోయింది. అందుకే వచ్చే ఏడాదికి ఫిబ్రవరి మూడవ వారం ఎంచుకున్నాము. గది గుల్మార్గ్‌లోనే, స్కీలు ఐదు రోజులకూ. మంచు కొత్తగా పడిన రోజున మాత్రం ఒక్కపూటకు బోర్డు అద్దెకు తీసుకుంటాను.