నాలుగు డీడీఆర్5 స్టిక్‌లు: డబ్బా మీద 6000, నడిచేది 3600

వీడియో ఎడిటింగ్‌కీ త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌కీ ఏఎండీ రైజెన్ 9 7950ఎక్స్ ప్రాసెసర్ మీద 32 జీబీ ర్యామ్ స్టిక్‌లు నాలుగు, మొత్తం 128 జీబీ వాడుతూ రెండేళ్లు దాటింది. ఇప్పుడు సిస్టమ్ పేచీ పెట్టట్లేదు. కాకపోతే డబ్బా మీద రాసిన 6000 వేగంలో కాదు, 3600లో.

మొదట రెండు స్టిక్‌లే. ఎక్స్‌పో (డబ్బా మీది వేగాన్ని పెట్టే బయోస్ సెట్టింగ్) ఆన్ చేసి 6000లో హాయిగా నడిపాను. పని పెరిగాక అదే మోడల్ కిట్ ఇంకొకటి తెచ్చి ఖాళీ స్లాట్లు నింపితే స్క్రీన్ నల్లగా ఉండిపోయింది. అది మెమరీ ట్రైనింగ్, అంటే స్టిక్‌లకు సరిపడే టైమింగ్‌లను సిస్టమ్ వెతుక్కోవడం. నాలుగు స్టిక్‌లకు చాలా నిమిషాలు పట్టొచ్చు, కంగారుపడి మధ్యలో పవర్ తీసేయకండి.

6000లో బూటే కాలేదు. 5200కి దించితే విండోస్ వచ్చింది, అసలు టెన్షన్ అక్కడ మొదలైంది. బ్రౌజింగ్‌కి ఏ ఇబ్బందీ లేదు. పెద్ద జిప్ ఫైల్ విప్పితే సీఆర్‌సీ ఎర్రర్ (డేటా చెడిందని), అదే ఫైల్ మళ్లీ విప్పితే శుభ్రంగా వస్తుంది. రాత్రి రెండర్ పెట్టి పడుకుంటే తెల్లారేసరికి బ్లూ స్క్రీన్. షాపువాళ్లు ఒక్కో స్టిక్‌నీ విడిగా మెమ్‌టెస్ట్ అనే ర్యామ్ పరీక్షలో పెట్టి, అన్నీ పాస్, లోపం లేదు పొమ్మన్నారు.

వాళ్లన్నది నిజమే. స్టిక్‌లు మంచివే, నాలుగూ కలిస్తే ఆ వేగాన్ని ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ మోయలేదు. ఏఎండీ స్పెసిఫికేషన్‌లోనే ఉంది: రెండు స్టిక్‌లకు 5200, నాలుగింటికి 3600. ఎక్స్‌పో అంటే ఓవర్‌క్లాకింగే, ఆ పరిమితి దాటించి నడపడమే. పైగా కిట్‌ని పరీక్షించి అమ్మేది డబ్బాలో ఉన్న జత వరకే. నా రెండు కిట్లదీ ఒకే మోడల్ నంబర్, సీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్‌లో చూస్తే చిప్‌లు వేర్వేరు కంపెనీలవి!

మెమరీ కంట్రోలర్‌కి అందే ఎస్ఓసీ వోల్టేజీ కాస్త పెంచి చూశాను (1.3 వోల్టులు దాటించకూడదు). ర్యామ్‌ని పరీక్షించే టెస్ట్‌మెమ్5 సిస్టమ్ చల్లగా ఉన్నంతసేపూ పాసయ్యేది, గ్రాఫిక్స్ కార్డు వేడెక్కగానే ఎర్రర్లు. వేడి ఎంతో చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో చూస్తే మధ్య స్టిక్‌లే ఎక్కువ కాగుతున్నాయి. ర్యామ్ మీదికి ఫ్యాన్ తిప్పితే ఎర్రర్లు తగ్గాయి గానీ పోలేదు. డీడీఆర్5లో తప్పులు దిద్దే ఈసీసీ ఉందిగా అంటారు కొందరు. అది చిప్ లోపలి తప్పుల వరకే, చిప్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య దారిలో జరిగేవాటిని పట్టదు.

3600కి దించాక రాత్రంతా టెస్ట్ నడిపినా ఒక్క ఎర్రర్ లేదు. బ్లెండర్ రెండర్ సమయంలో తేడా నాకు తెలియలేదు. ఫైళ్లు కుదించే 7-జిప్‌లో, గేముల్లో మాత్రం తెలుస్తుంది.

గేములకైతే నాలుగు స్టిక్‌ల జోలికి పోకండి. 96 జీబీతో పని జరిగితే 48 జీబీవి రెండు కొని, ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో ఒకటి, నాలుగో స్లాట్‌లో ఒకటి పెట్టండి. నాలాగా నాలుగూ కావాల్సిందే అంటే మామూలు 4800 స్టిక్‌లు తీసుకోండి, 6000కి పెట్టే డబ్బు దండగ.