ఏడు సీజన్లుగా వాడుతున్న నా కాంపౌండ్ బో: పెరట్లో గురి వేరు, చెట్టు మీద గురి వేరు

మేం ఉండేది అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో. బేర్ కంపెనీ క్రూజర్ జీ2 అనే కాంపౌండ్ బో (రెండు కొసల్లో చక్రాలు, కేబుళ్లు ఉండే విల్లు) కొని ఏడు జింకల సీజన్లు దాటాయి. కొన్న కొత్తలో దీని గురించి రాసి ఉంటే అన్నీ పొగడ్తలే ఉండేవి. అప్పటికి నాకు తెలిసింది గురి సాధనకి పెరట్లో పెట్టుకున్న ఫోమ్ బ్లాక్ ఒక్కటే.

బో సంగతి ముందు చెప్పేస్తాను. బరువు దాదాపు మూడు పౌండ్లు. లాగే బలం 5 నుంచి 70 పౌండ్ల దాకా, లాగే పొడవు 12 నుంచి 30 అంగుళాల దాకా మార్చుకోవచ్చు. నేను 40 పౌండ్లతో మొదలుపెట్టి 55 దగ్గర ఆగాను. మా అబ్బాయి పదేళ్ల వయసులో ఇదే బోకి లాగే బలం తగ్గించుకుని నేర్చుకున్నాడు. నాలుగో ఏడాది నారి, కేబుళ్లు మార్పించాను. తగిలించే సామాను పక్కన పెడితే, అంతకు మించి దీనికి పెట్టిన ఖర్చు లేదు. కొత్తవాళ్లు ఎవరడిగినా ఇప్పటికీ ఇదే కొనమంటాను.

రెండో సీజన్ నాటికి 30 గజాల నుంచి వేసిన ఐదు బాణాలూ టీ కప్పు సాసరంత చోటులో పడేవి. అక్టోబరు చివర్లో ఒక సాయంత్రం చెట్టుకి 18 అడుగుల ఎత్తున బిగించిన సీటు, అదే ట్రీ స్టాండ్‌లో కూర్చున్నాను. ఒక ఆడ జింక 22 గజాల దగ్గరికి వచ్చి, పక్క భాగం నాకు కనిపించేలా అడ్డంగా నిలబడింది. పెరట్లో నేను ఎన్నడూ గురి తప్పని దూరం అది. బాణం దాని వీపు మీదుగా వెళ్లి ఆకుల్లో గుచ్చుకుంది. బో ఏదైనా కదిలిందేమోనని మర్నాడు పొద్దున్నే పెరట్లో వేసి చూశాను. ఐదూ మధ్యలోనే పడ్డాయి.

తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది. పైనుంచి కిందికి వేసేటప్పుడు నడుము దగ్గర వంగాలి. నేను చెయ్యి మాత్రమే దించాను. దాంతో దవడకి చెయ్యి ఆనే చోటు, నారిలో బిగించిన చిన్న రంధ్రం, అదే పీప్ సైట్‌లోంచి కన్ను చూసే తీరు రెండూ మారిపోయి బాణం పైకి లేచింది. పైగా ఆ రోజు మొహానికి మాస్కు, ఒంటి మీద లావు జాకెట్టు ఉన్నాయి. పెరట్లో ఎప్పుడూ టీషర్టుతోనే వేసేవాణ్ణి. ఇక మిగిలింది జింక. అది ఫోమ్ కాదు కదా.

ఈ లెక్క ప్రతి వేటగాడూ ఒకసారి వేసుకోవాలి. నా బాణం సెకనుకు దాదాపు 240 అడుగులు వెళ్తుంది. 20 గజాలంటే 60 అడుగులు, అంటే పావు సెకను. నారి చప్పుడు సెకనుకు సుమారు 1,100 అడుగుల వేగంతో ముందే వెళ్లిపోతుంది. బాణం సగం దూరం కూడా రాకముందే జింక చెవిన పడుతుంది. బెదిరిన తెల్లతోక జింక ఒక్కసారిగా ఉరకదు. ఉరకడానికి ముందు కాళ్లు మడిచి కిందికి కుంగుతుంది. అందుకే ఛాతీ మధ్యకి వేసిన బాణం వీపు మీదుగా పోతుంది. 40 గజాలకైతే బాణానికి అర సెకను పడుతుంది, చప్పుడు సెకనులో పదో వంతుకే చేరుతుంది. పెరట్లో 50 గజాల నుంచి మధ్యలో కొట్టగలిగినా, అడవిలో నేను 25 దాటి వేయను. దీని మీద స్నేహితులతో వాదనలు అయ్యాయి. నా మాట మార్చుకోలేదు.

2023 ఏషియన్ గేమ్స్‌లో మూడు స్వర్ణాలు గెలిచిన మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ ఆడేది కాంపౌండ్ బోతోనే. దూరం 50 మీటర్లు, పది పాయింట్ల వలయం వెడల్పు 8 సెంటీమీటర్లు. జింకలో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు దాదాపు 20 సెంటీమీటర్లు, నేను వేసేది 20 మీటర్ల నుంచి. లెక్క ప్రకారం నా పని ఎంతో సులువు. కానీ టార్గెట్ మీద మధ్య ఎక్కడో ఎవరో గీసి పెట్టారు. జింక ఒంటి మీద చుక్క ఉండదు. అది కొంచెం అవతలికి తిరిగి నిలబడితే బాణం ఎక్కడ దిగాలి అని కాదు, లోపలి నుంచి వెళ్లి ఏ వైపు బయటికి రావాలి అని ఆలోచించాలి. ఇదంతా గుండె దడదడలాడుతుండగా, రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి.

మూడో సీజన్‌లో జరిగింది చెప్పడానికి ఇప్పటికీ బాధగానే ఉంటుంది. కొట్టాను, కానీ గురి పెట్టిన చోటుకి నాలుగంగుళాలు వెనక తగిలింది. దొరికిన రక్తం బాగా ముదురు రంగులో ఉంది. నాకు వేట నేర్పిన పక్కింటి పెద్దాయన దాన్ని చూసి, కాలేయానికి తగిలింది, ఇప్పుడు వెంటపడొద్దు అన్నారు. ఐదు గంటలు ఆగి వెతికితే 150 గజాల దూరంలో దొరికింది. ఆ ఐదు గంటలూ అది పడిన బాధకి కారణం నేనే. ఆ ఏడాది మళ్లీ బో పట్టలేదు.

తర్వాతి జులై నుంచి సాధన మొత్తం మార్చేశాను. అడవిలో దొరికేది ఒకే బాణం, అదీ చలికి బిగుసుకున్న ఒంటితో. అందుకని పొద్దున్నే ఒళ్లు వేడెక్కకముందే, జాకెట్టు, మాస్కు వేసుకుని, డెక్ (ఇంటికి ఆనుకున్న చెక్క అరుగు) మీదనుంచి ఒక్క బాణం వేస్తాను. టార్గెట్ మీద ఎనిమిదంగుళాల కాగితం పళ్లెం, దాని మీద చుక్క లేదు. పడిన చోటు నోటుపుస్తకంలో రాస్తాను. తర్వాత ఎన్ని వేసినా లెక్కలోకి రావు. మొదటి నెలలో పళ్లెం బయట పడిన రోజులు తొమ్మిది. బాణాలన్నీ ఒకేచోట పడుతున్నాయని రెండేళ్లు నమ్మిన నాకు ఆ తొమ్మిది కళ్లు తెరిపించాయి.

వారానికి రెండుసార్లు ఇరవై గుంజీళ్లు తీసి, ఆయాసం తగ్గకముందే వేస్తాను. పూర్తిగా లాగి నిమిషం పట్టుకుని వేయడం కూడా చేస్తాను, చెట్టు చాటునుంచి జింక బయటికొచ్చేదాకా ఆగాలి కాబట్టి. ఇవన్నీ కూర్చుని, మోకాలి మీద, వంగి కూడా వేస్తాను. పెరట్లో నా బాణాలు మునుపటిలా సాసరంత చోటులో పడటం లేదు. దాని గురించి టెన్షన్ లేదు.

బోకి తగిలించే సామాను విషయంలోనూ అడవి వేరే లెక్క చెప్పింది. మిషిగన్‌లో సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా వేటకి అనుమతి ఉంది. పెరట్లో పట్టపగలు బాగున్న చిన్న పీప్ ఆ వెలుతురులో నల్లగా అయిపోయింది. పావు అంగుళం పీప్‌కి మారాను. గురి చూడటానికి మొదట కొన్న చౌక సైట్ పిన్‌లు కూడా మసకలో కనబడలేదు, పడేశాను. వేట బాణాల మొనలు, అదే బ్రాడ్‌హెడ్‌లు, సాధన మొనల్లా ఎగరవు. రెక్కలకి గాలి పట్టి పక్కకి లాగుతాయి. బాణం తిన్నగా వెళ్లేలా బో సరిగ్గా ట్యూన్ అయిందో లేదో అవే బయటపెడతాయి. అందుకే సెప్టెంబరంతా వాటితోనే వేస్తాను.

ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం కింద జింకల వేట నేరం. ఇక్కడ మిషిగన్‌లో లైసెన్సు తీసుకోవాలి, 1960లో గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు భద్రతా కోర్సు చేసి ఉండాలి. చెట్టెక్కితే, కింద పడకుండా పట్టి ఉంచే హార్నెస్ తప్పనిసరిగా కట్టుకోండి.

నాలుగో సీజన్ నుంచి ఇప్పటిదాకా ఐదు బాణాలు వదిలాను, ఐదు జింకలు దగ్గర్లోనే పడ్డాయి. లాగి కూడా వదలకుండా దించేసిన సందర్భాలు అంతకంటే ఎక్కువే. సీజన్ మొదలయ్యే అక్టోబరు 1కి ఇంకా పన్నెండు రోజులుంది. ఈ పొద్దున మొదటి బాణం పళ్లెంలో ఎడమ అంచుకి తగిలింది. రేపు నారి వదలడానికి మణికట్టుకి కట్టుకునే రిలీజ్ పట్టీ ఒక రంధ్రం బిగించి చూడాలి.